మిడ్‌టర్మ్ తర్వాత

ఫిజిక్స్, డెబ్బైకి ముప్పై ఒకటి.
పోయినసారి పంతొమ్మిది.
"పరవాగిల్ల" అన్నారు శైలజా మేడం
తలెత్తకుండానే.
ఆ ఒక్క కన్నడ మాటని
కె.ఆర్.పురం వేలాడే వంతెన దాటేదాకా
చక్కెరబిళ్ళలా చప్పరిస్తూ వచ్చాను.
పరవాలేదు. పరవాలేదట.

కార్డుకి ఒక కాగితం కుట్టి ఇచ్చారు.
"నీ లక్ష్యాలు రాయి." కింద నాలుగు గీతలు.
ముందు బెంచీ ఫిరోజా
మూడో గీతకల్లా డాక్టరైపోయి
నాలుగో గీతలో ఆస్పత్రి కట్టేసింది.
నేను పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను.
మొన మాత్రం బాగా వచ్చింది.

ఐదో తరగతిలో అయితే కలెక్టరు అని రాసేదాన్ని.
కలెక్టరు ఏం చేస్తారో తెలీదు,
జీపు ఉంటుందని తెలుసు.
ఏడులో టీచరు.
తొమ్మిదిలో, నాయనకి సైటు మారి, నాకు బడి మారి,
ఆర్నెల్లు అసలు బడే లేకుండా పోయాక
"పదో తరగతి" అని రాశాను.
అన్నిట్లో అదొక్కటే నిజమైంది.

కార్డులో ఎక్కనివి కూడా ఉన్నాయి.
హాజరులో "ఈ. సుంకమ్మ" అనగానే
వెనక వరసలో కిసుక్కున నవ్వేవాళ్ళు.
జూన్లో చెయ్యి మాత్రం ఎత్తేదాన్ని, అదీ సగం.
దసరా సెలవులకి ముందు ఒకరోజు
"యెస్ మేడం" అన్నాను
కిటికీలో పావురం లేచిపోయేంత గట్టిగా.
దానికెన్ని మార్కులో ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి.
ప్రశ్న ఇంగ్లీషులో చదువుతాను,
జవాబూ ఇంగ్లీషులోనే రాస్తాను,
మధ్యలో లెక్క మాత్రం తెలుగులో జరుగుతుంది.
ఏడెనిమిదులు యాభయ్యారని పెదాలు కదులుతుంటే
పక్కమ్మాయి నేను మొక్కుకుంటున్నానని అనుకుంది.
కాదని చెప్పలేదు.
ఆ మాటకొస్తే, మొక్కుకుంటున్నాను కూడా.

రాత్రి, హొరమావులో మా రేకుల షెడ్డు.
నాయన చేతులు కడుక్కుని వచ్చాడు,
టైల్స్ సిమెంటు గోళ్ళలోంచి ఎలాగూ పోదు.
అక్షరాలు రావు ఆయనకి. అంకెలొచ్చు,
టేపు పట్టే మనిషి.
పంతొమ్మిది మీద ఒక వేలు,
ముప్పై ఒకటి మీద ఒక వేలు పెట్టి
చాలాసేపు చూశాడు.
"పన్నెండు పెరిగినాయి గదా పాపా.
పన్నెండంటే అడుగు."

అంగుళాల్లో కొలిచేశాడు నా చదువుని.
అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను.
పడుకున్నాక మాత్రం
ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది.
అడుగు.
నేను ఆ క్లాసులో ఉన్నదీ అడుగునే.

నిద్ర పట్టక గోడవైపు తిరిగితే
మేకుకి నీటిగొట్టం వేలాడుతోంది.
లెవెల్ చూసే గొట్టం.
ఒక కొస నాయన దగ్గర, రెండో కొస నా దగ్గర,
"ఆడ ఎంత?" "గీతకి సరీగా ఉంది నాయనా!"
తొమ్మిదేళ్ళప్పటి నుంచీ ఆదివారాల్లో ఇదే పని.
ఏ మూల నిలబడ్డా నీళ్ళు రెండువైపులా ఒకే ఎత్తు.

ఒక్కసారిగా లేచి కూర్చున్నాను.
పరీక్షలో నేను వదిలేసిన ఐదు మార్కుల ప్రశ్న ఇదే.
హైడ్రోస్టాటిక్ అన్న మాట చూసి భయపడి
పేజీ తిప్పేశాను.
జవాబు మేకుకి తగిలించుకుని
ఖాళీ కాగితం ఇచ్చి వచ్చానన్నమాట.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది,
ఎవరి మీదో తేలలేదు.

ఫోను లైటు వేసుకుని మొదటి గీత నింపాను:
"వచ్చేసారి పెద్ద మాట చూసి పేజీ తిప్పను."
మేడం దీన్ని లక్ష్యం అనరేమో.
రెండోది రాయబోయి ఆగాను.

వానొస్తే ఈ ఊళ్ళో
కోటి రూపాయల ఫ్లాట్ల కింద కార్లు తేలతాయి.
నాయన స్నానాలగదికి వాలు పెడితే
చుక్క నిలవదు.
ఊరికి కూడా వాలు చూసేవాళ్ళు ఎవరో ఉండాలి కదా.
ఆ పని నాకు కావాలి.
దాని పేరేమిటో తెలీదు.
ఏం చదివితే వస్తుందో కూడా తెలీదు.

మూడు గీతలు అలాగే వదిలేశాను.
రేపు ఫస్ట్ పీరియడ్ ఫిజిక్సే.
అడుగుతాను.